అభన్‌పూర్‌లో మంచు కురవదు, మరి పిల్లల సెలవుల బొమ్మల్లో స్నోమ్యాన్ ఎందుకు?

డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే చిన్నపిల్లల బడి సంచుల్లోంచి ఇంచుమించు ఒకే రకం కాగితాలు బయటకు వస్తుంటాయి. క్యారెట్ ముక్కు పెట్టుకున్న స్నోమ్యాన్, మంచు కప్పిన చెట్టు, బండిని లాగే రెయిన్‌డీర్, పొగ గొట్టం ఉన్న ఇల్లు. సెలవులు అయిపోయేలోగా వీటికి రంగులు వేసి తీసుకురావాలి.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు దక్షిణంగా, దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న అభన్‌పూర్‌లో ఈ కాగితం కొంచెం వింతగా కనిపిస్తుంది. అక్కడ డిసెంబర్ చివరి వారమంటే కోతలు అయిపోయిన వరి మళ్లు, ధాన్యం ట్రాక్టర్లు, పొద్దున్నే పొగమంచు. రాయపూర్ ప్రాంతంలో డిసెంబర్ రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. రాష్ట్రంలో మంచు గడ్డకట్టడం చూడాలంటే ఉత్తరాన సర్గుజా కొండల్లోని మైన్‌పాట్ దాకా వెళ్లాలి. అక్కడ కూడా గడ్డి మీద పలచగా తెల్లటి పొర కడుతుందే తప్ప, స్నోమ్యాన్ చేసేంత మంచు పడదు.

చూడని వస్తువుకు రంగు వేయకూడదా? వేయొచ్చు. పిల్లలు డైనోసార్‌లకూ రంగులు వేస్తారు. సమస్య స్నోమ్యాన్‌తో కాదు. సెలవులన్నీ అదొక్కటే అయిపోవడంతో వచ్చింది. అదే మూడు నాలుగు వారాల్లో ఆ పిల్లల చుట్టూ నాలుగు పండుగలు జరుగుతుంటాయి. ప్రతి పండుగలోనూ చేత్తో చేసే పని ఉంటుంది. హోంవర్క్ కాగితం మీద మాత్రం అవి కనిపించవు.

నాలుగు వారాలు, నాలుగు పండుగలు

డిసెంబర్ 18 గురు ఘాసీదాస్ జయంతి. 1756లో గిరౌద్‌పురిలో పుట్టిన ఆయన, కులభేదాలను తోసిపుచ్చి సత్‌నామీ పంథ్‌కు ఛత్తీస్‌గఢ్‌లో పునాది వేశారు. తెల్లటి స్తంభం, దాని మీద తెల్లటి జెండా ఉండే జైత్‌ఖామ్ సత్‌నామీలకు పవిత్ర చిహ్నం. గిరౌద్‌పురిలోని జైత్‌ఖామ్ 77 మీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే దిల్లీలోని కుతుబ్ మినార్ కంటే ఎక్కువ.

వారం తిరిగితే క్రిస్మస్.

ఆ తర్వాత పుష్య పౌర్ణమినాడు ఛేర్‌ఛేరా వస్తుంది. కొత్త పంట ఇంటికి చేరిన సంబరం అది. పిల్లలు గుంపులుగా ఇల్లిల్లూ తిరిగి ధాన్యం అడుగుతారు. ఆ రోజు ఎవరినీ వట్టి చేతులతో పంపకూడదన్నది ఆనవాయితీ. మన పల్లెల్లో హరిదాసు గిన్నెలో బియ్యం పోయడం, భోగి మంటకు పిల్లలు పిడకలూ కట్టెలూ పోగుచేయడం గుర్తున్నవారికి ఈ పండుగ వెంటనే అర్థమవుతుంది. తిథిని బట్టి తేదీ మారుతుంది కాబట్టి 2025లో ఛేర్‌ఛేరా, భోగి రెండూ జనవరి 13నే వచ్చాయి. 2026లో ఛేర్‌ఛేరా జనవరి 3నే వచ్చింది.

ఇక సంక్రాంతి. రాయపూర్, భిలాయ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదే పెద్ద పండుగ. 1931లో రాయపూర్-విజయనగరం రైలు మార్గం పూర్తయింది. 1959లో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి మొదలైంది. రైల్వేలు, ఉక్కు, వ్యాపారం పేరుతో వచ్చినవారి తర్వాతి తరాలు ఇప్పుడు హిందీలో చదువుకుంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరుగుతున్నాయి.

మంచు మన కాగితం మీదికి ఎలా వచ్చింది?

ఈ బొమ్మలకు దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే అధికారి, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో ఒక శుభాకాంక్షల కార్డు గీయించారు. వ్యాపారానికి అచ్చువేసిన తొలి క్రిస్మస్ కార్డు అదేనని చెబుతారు. చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కేరల్' వచ్చిందీ ఆ ఏడాదే. ఇంగ్లండ్‌లో, తర్వాత అమెరికాలో క్రిస్మస్ అంటే మంచు, పొయ్యి, ఉన్ని దుస్తులు అన్న బొమ్మ అలా స్థిరపడింది. అక్కడి చలికాలానికి అది సరిపోయే బొమ్మే.

రంగులు నింపే పుస్తకాలు కూడా ఆ కాలానివే. 1879 ప్రాంతంలో అమెరికాకు చెందిన మెక్‌లాఫ్లిన్ బ్రదర్స్ సంస్థ, కేట్ గ్రీనవే బొమ్మలతో పిల్లల పెయింటింగ్ పుస్తకం వేసింది. 1903లో క్రేయోలా రంగులు మార్కెట్లోకి వచ్చాయి. మన దేశంలో 1931లో మొదలైన కామ్లిన్ సంస్థ తర్వాతి కాలంలో ఇంటింటికీ రంగుల పెట్టెను తీసుకొచ్చింది.

ఇంటర్నెట్ వచ్చాక మిగతా పని సులువైపోయింది. టీచర్ 'వింటర్' అని వెతికితే వేల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. అవి దాదాపుగా మంచు కురిసే దేశాల్లో గీసినవే. 'ఛేర్‌ఛేరా' అని వెతికితే రంగులు వేయడానికి పనికొచ్చే బొమ్మ దొరకడం కష్టం. జిరాక్స్ షాపుకు చేరేది దొరికినదే. అంటే ఇందులో ఎవరి కుట్రా లేదు, ఎవరి దురుద్దేశమూ లేదు. మన చలికాలాన్ని గీసి పెట్టినవాళ్లు తక్కువ, అంతే.

రంగులు నింపడం మంచిదా, కాదా?

దీనిపై విద్యావేత్తల్లో చాలా కాలంగా వాదన ఉంది. పిల్లల చిత్రకళపై పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్, 1947లో వచ్చిన తన పుస్తకం 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్'లో రంగుల పుస్తకాలను గట్టిగా వ్యతిరేకించారు. పెద్దలు గీసిన గీతలోనే ఉండాలని నేర్పితే, పిల్లలు తమంతట తాము గీయగలమన్న నమ్మకం కోల్పోతారన్నది ఆయన వాదన.

రెండో వైపు నుంచి చూస్తే, క్రేయాన్ పట్టుకోవడం, ఎంత ఒత్తిడితో రుద్దాలో తెలుసుకోవడం, గీత దగ్గర చేతిని ఆపడం చిన్న పనులేమీ కావు. రేపు అక్షరం రాయాల్సిన వేళ్లకు ఇదే సాధన. ఒకచోట కుదురుగా కూర్చుని పని పూర్తిచేయడం కూడా అలవాటవుతుంది.

రెండు వాదనల్లోనూ నిజముంది. బొమ్మకు రంగు వేసేటప్పుడు చేతికి పని దొరుకుతుంది, బుర్రకు మాత్రం ఒకే ప్రశ్న మిగులుతుంది: ఏ రంగు? కాగితం మడిచి కత్తిరించేటప్పుడు ప్రశ్నలు పెరుగుతాయి. ఎన్ని మడతలు? ఎక్కడ కోయాలి? విప్పితే ఎలా ఉంటుంది? తప్పు కోస్తే దీన్ని ఎలా వాడుకోవాలి?

మన విద్యా విధానం కాగితం మీద ఈ విషయాన్ని ఒప్పుకుంది. 1937లో వార్ధా విద్యా సదస్సులో గాంధీ ముందుకు తెచ్చిన 'నయీ తాలీమ్' చేతిపనిని చదువుకు కేంద్రంగా పెట్టింది. 2022 అక్టోబర్‌లో విడుదలైన ఫౌండేషనల్ స్టేజ్ జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆట, బొమ్మలు, స్థానిక వస్తువులతోనే నేర్పాలని చెబుతోంది. 2023 ఫిబ్రవరి 20న కేంద్రం విడుదల చేసిన 'జాదూయీ పిటారా' అనే ఆటవస్తువుల పెట్టె ఆ ఆలోచన నుంచి వచ్చిందే. సెలవుల పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్లీ ఆ జిరాక్స్ కాగితమే చేతికి వస్తోంది.

మరి దాని స్థానంలో ఏం చేయించవచ్చు? డబ్బు ఖర్చు లేకుండా, ఇంట్లో ఉన్నవాటితో అయ్యే నాలుగు పనులు ఇవి.

1. మంచు పువ్వు, ముగ్గు: రెండింటి లెక్కా ఒక్కటే

మంచు బొమ్మను పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. దాన్నే ముగ్గులోకి దారిగా మార్చుకోవచ్చు.

నీరు గడ్డకట్టేటప్పుడు అణువులు ఆరు కోణాల అమరికలో సర్దుకుంటాయి. అందుకే మంచు స్ఫటికానికి ఆరు రెక్కలుంటాయి. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1611లో ఈ ఆరు మూలల గురించి చిన్న పుస్తకమే రాసి, కొత్త సంవత్సర కానుకగా మిత్రుడికి ఇచ్చారు. బజారులో దొరికే అలంకరణల్లో ఎనిమిది రెక్కల మంచు పువ్వులు చాలానే కనిపిస్తాయి. అసలు మంచు అలా ఉండదు.

చేసే విధానం: చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడిచి త్రిభుజం చేయాలి. పొడవైన అంచు మధ్య బిందువును ఆధారం చేసుకుని ఆ త్రిభుజాన్ని మూడు సమాన భాగాలుగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా మడవాలి. ఒక్కో భాగం 60 డిగ్రీలు. దాన్ని మళ్లీ సగానికి మడిస్తే 30 డిగ్రీల సన్నటి ముక్క వస్తుంది. పైన మిగిలిన కొసలు కత్తిరించేసి, అంచుల్లో చిన్న చిన్న కోతలు కోసి విప్పితే ఆరు రెక్కల పువ్వు సిద్ధం.

ఇప్పుడు దాన్ని గచ్చు మీద పరిచి, ఖాళీల్లో బియ్యప్పిండి చల్లి, మెల్లగా ఎత్తండి. నేల మీద ముగ్గు పడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో కూడా పండుగలకు బియ్యప్పిండితో 'చౌక్' వేసే సంప్రదాయం ఉంది కాబట్టి పక్కింటి పిల్లలకు ఇది కొత్తేమీ కాదు.

అదే ఆకారం చుక్కల్లో కూడా దొరుకుతుంది. ఏడు నుంచి నాలుగు వరకు సందు చుక్క పెట్టమనండి. వరుసల్లో 4, 5, 6, 7, 6, 5, 4 చుక్కలు వస్తాయి. మొత్తం 37. వాటి బయటి అంచు కలిపితే షడ్భుజి, అంటే మంచు పువ్వు ఆకారమే. ఏడు నుంచి ఒకటి వరకు ఎదురు చుక్క పెడితే 1, 3, 5, 7, 5, 3, 1. మొత్తం 25. వీటి అంచు కలిపితే మూల మీద నిలబెట్టిన చదరం వస్తుంది. రెండో తరగతి పిల్లలకు కూడిక, నాలుగో తరగతి పిల్లలకు సౌష్ఠవం ఇందులోనే ఉన్నాయి.

కాగితం మడతతో లెక్కలు నేర్పవచ్చన్నది కూడా మనకు పాత సంగతే. తాండలం సుందరరావు 1893లో మద్రాసులో కాగితం మడతల జ్యామితిపై ఇంగ్లిష్‌లో పుస్తకం ప్రచురించారు. కిండర్‌గార్టెన్ పిల్లలకు ఇచ్చే కాగితం మడతల నుంచే తనకు ఆ ఆలోచన వచ్చిందని ఆయన చెప్పుకున్నారు. 1901లో ఆ పుస్తకం అమెరికాలో కూడా అచ్చయింది. మన కాలంలో అరవింద్ గుప్తా పాత కాగితం, అగ్గిపుల్లలతో సైన్స్ బొమ్మలు చేయించడాన్ని ఒక ఉద్యమంలా నడిపారు. ఆయనకు 2018లో పద్మశ్రీ లభించింది.

2. స్టార్: బడిలో పుట్టిన అలంకరణ

డిసెంబర్‌లో క్రైస్తవుల ఇళ్ల ముందు వేలాడే వెలుగుల స్టార్‌కు కూడా లెక్కల క్లాసుతో చుట్టరికం ఉంది. జర్మనీలోని నీస్కీలో మొరేవియన్ క్రైస్తవులు నడిపిన బాలుర పాఠశాలలో, 1830ల్లో, జ్యామితి పాఠంలో భాగంగా పిల్లలు కాగితంతో ఇలాంటి బహుకోణ నక్షత్రాలు చేశారు. తర్వాత అవి ఇళ్లకు చేరాయి, ఆ శతాబ్దం చివరికి అమ్మకానికి వచ్చాయి. నేడు బజారులో కొనితెచ్చే వస్తువు ఒకప్పుడు పిల్లలు బడిలో చేసిందే.

దాని సులువైన రూపం ఇది. పాత అట్ట మీద ఒకే కొలత ఉన్న రెండు ఐదు కొసల నక్షత్రాలు కత్తిరించాలి. మొదటిదానికి ఒక కొస నుంచి మధ్య వరకు చీలిక పెట్టాలి. రెండోదానికి రెండు కొసల మధ్య ఉన్న లోపలి మూల నుంచి మధ్య వరకు చీలిక పెట్టాలి. రెండింటినీ ఒకదానిలో ఒకటి దూర్చితే నిలబడే స్టార్ అవుతుంది. పైన దారం కట్టి వేలాడదీయవచ్చు.

డిసెంబర్ 18కి తెల్ల కాగితాన్ని గొట్టంలా చుట్టి, పైన తెల్ల జెండా అతికించి జైత్‌ఖామ్ నమూనా చేయించవచ్చు. అయితే అది ఒక సమాజానికి పవిత్రమైనది కాబట్టి ముందుగా ఆ కుటుంబాల పెద్దలను అడగడం మర్యాద. చేశాక ఎక్కడపడితే అక్కడ పడేయకుండా చూడాలి. ఈ సంగతి పిల్లలకు చెప్పడమే ఒక పాఠం. ఒకే తరగతిలో సత్‌నామీ, క్రైస్తవ, తెలుగు, ఛత్తీస్‌గఢీ ఇళ్ల పిల్లలు కూర్చుంటున్నప్పుడు, ఎవరి పండుగను వాళ్లు చేసి పక్కవాళ్లకు చూపించుకునే అవకాశం ఈ సెలవుల పనిలో ఉంది. అందరికీ ఒకే స్నోమ్యాన్ ఇస్తే ఆ అవకాశం పోతుంది.

3. ఛేర్‌ఛేరా సంచి

ఇది అచ్చంగా అభన్‌పూర్ పని. ఛేర్‌ఛేరాకు ధాన్యం అడగడానికి పిల్లలకు సంచి కావాలి. ప్లాస్టిక్ కవర్ బదులు, పార్సిళ్లకు వచ్చే మందపాటి గోధుమరంగు కాగితంతో వాళ్లే చేసుకోవచ్చు.

కాగితాన్ని అడ్డంగా పరిచి రెండు అంచులూ మధ్యలో కలిసేలా మడిచి అతికించాలి. కింది భాగాన్ని నాలుగు వేళ్ల వెడల్పున మడిచి, మూలలు లోపలికి నొక్కి అడుగు అతికించాలి. పై అంచును రెండుసార్లు మడిస్తే చిరగదు. పురికొస తాడుతో పిడి పెట్టాలి. తర్వాత దాని మీద వాళ్లకు తెలిసిన బొమ్మలు వేసుకోనివ్వాలి: వరి కంకి, ఎద్దు, ట్రాక్టర్, గాదె.

ఇక్కడ వార్తాపత్రిక వాడకపోవడం మంచిది. అచ్చు సిరా ఆహారానికి అంటుతుందని, పత్రికల్లో తినుబండారాలు చుట్టొద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హెచ్చరించింది. ధాన్యానికి పొట్టు ఉన్నా, అదే సంచిలో పిల్లలకు మిఠాయిలు కూడా పడతాయి.

4. గాలిపటం

కాగితం, పుల్ల, జిగురు, గాలి. మన చలికాలపు కాగితం పనుల్లో గాలిపటాన్ని మించింది లేదు. అయినా చాలా ఇళ్లలో దాన్ని చేయడం ఆగిపోయింది, కొనడం మాత్రమే మిగిలింది.

పాత పద్ధతి కష్టమేమీ కాదు. 30 సెంటీమీటర్ల చదరపు పలచటి కాగితం తీసుకోవాలి. మూల నుంచి మూలకు 42 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అంత పొడవున్న కొబ్బరి చీపురు పుల్లను నిలువుగా అతికించాలి. ఇంకాస్త పొడవైన, సన్నటి పుల్లను విల్లులా వంచి మిగతా రెండు మూలల్లో నిలపాలి. జిగురుకు ఉడికించిన మైదా చాలు. చిన్న గాలిపటానికైతే అన్నం మెతుకులు కూడా సరిపోతాయి. పుల్లలు కలిసే చోట, కింద మరోచోట చిన్న రంధ్రాలు పెట్టి సూత్రం కట్టాలి. కాగితపు తోక అతికించాలి. గాల్లో గిరగిరా తిరిగిపోతుంటే తోక పొడవు పెంచాలి. ఒక పక్కకే ఒరుగుతుంటే రెండో పక్క చిన్న కాగితం ముక్క అతికించి బరువు సరిచేయాలి. ఈ సరిచేయడమే పిల్లలు చేసే అసలు ప్రయోగం.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, నూలు దారమే వాడాలి. చైనా మాంజాగా పిలిచే నైలాన్ దారాన్ని, గాజుపొడి పూసిన సింథటిక్ మాంజాను 2017 జులై 11న జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశవ్యాప్తంగా నిషేధించింది. అయినా ప్రతి సంక్రాంతికీ దానివల్ల మనుషుల గొంతులు తెగిన, పక్షులు చనిపోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి.

రెండోది అభన్‌పూర్‌కు ప్రత్యేకంగా సంబంధించినది. ఒకప్పుడు ఇక్కడ రెండున్నర అడుగుల నారో గేజ్ పట్టాల మీద చిన్న రైలు నడిచేది. ఇప్పుడు బ్రాడ్ గేజ్ వచ్చింది. 2025 మార్చి 30న అభన్‌పూర్-రాయపూర్ మెమూ రైలును ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. మెమూ అంటే విద్యుత్ రైలు. దాని పైతీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. తాతల కాలంలో పట్టాల పక్కన గాలిపటం ఎగరేసి ఉండొచ్చు. ఇప్పుడు అక్కడ ఎగరేయకూడదు, తీగకు చిక్కుకున్నదాన్ని లాగకూడదు. కోతలైన పొలమే దానికి సరైన చోటు.

ఏ వయసుకు ఏ పని?

• 3-4 ఏళ్లు: కాగితం చించడం, ఉండలు చుట్టడం, అతికించడం. కత్తెర వద్దు. పెద్ద క్రేయాన్లు ఇవ్వాలి.

• 5-6 ఏళ్లు: మొద్దు కొసల కత్తెరతో నిటారు గీత మీద కత్తిరించడం, రెండు మడతలు, ఎదురు చుక్కల ముగ్గు.

• 7-8 ఏళ్లు: మంచు పువ్వు, స్టార్, సంచి. కొలవడం వాళ్లకే వదిలేయాలి.

• 9 ఏళ్లు దాటినవారు: గాలిపటం, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రంగులు వేయడానికి బొమ్మలు గీసిపెట్టడం.

చివరి పనిని తేలిగ్గా తీసుకోవద్దు. హరిదాసు, గంగిరెద్దు, ధాన్యం బస్తా, అభన్‌పూర్ స్టేషన్‌లో ఆగిన రైలు... పదేళ్ల పిల్ల నల్ల స్కెచ్‌పెన్‌తో గీసిన బొమ్మను నాలుగు జిరాక్స్‌లు తీస్తే ఇంటర్నెట్‌లో దొరకని రంగుల పుస్తకం తయారవుతుంది.

ఏవి వాడాలి, ఏవి వద్దు?

థర్మోకోల్: అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జులై 1 నుంచి దేశంలో నిషేధిత ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో ఉంది. బడి ప్రాజెక్టులకు ఇప్పటికీ దాన్ని అడుగుతుంటే, అట్టపెట్టె సరిపోతుందని టీచర్‌కు చెప్పండి.

తళుకు పొడి: గ్లిట్టర్‌లో ఎక్కువ భాగం ప్లాస్టిక్ రేణువులే. ఊడ్చినా పోవు, నీళ్లలో కలుస్తాయి. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబర్ 17 నుంచి ప్లాస్టిక్ గ్లిట్టర్ పొడి అమ్మకంపై ఆంక్షలు పెట్టింది. మిఠాయి పెట్టెల మీది మెరుపు కాగితం ముక్కలు దానికి బదులుగా పనికొస్తాయి.

బటన్ బ్యాటరీలు: వెలిగే చిన్న స్టార్‌లలో, మ్యూజిక్ కార్డుల్లో ఉండే బిళ్లలాంటి బ్యాటరీలు చిన్నపిల్లలకు చాలా ప్రమాదకరం. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలవు. మింగారన్న అనుమానం వస్తే ఇంటి వైద్యాలు చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రంగులు: గోడలకు వేయగా మిగిలిన పెయింట్ పిల్లలకు ఇవ్వొద్దు. కొనే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇంట్లో రంగు కావాలంటే పసుపు నీళ్లలో కాగితం ముంచి ఆరబెట్టండి. దాని మీద వంటసోడా కలిపిన నీళ్లతో గీస్తే గీత ఎర్రబడుతుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేసేవాళ్లకు ఆ మార్పు తెలిసిందే.

చేతి పనితో పాటే మాట

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి అంతగా తట్టకపోవచ్చు గానీ, రాయపూర్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఇందులో మరో లాభం ఉంది.

బయట పెరిగే పిల్లలకు తెలుగు వినబడుతుంది, చాలావరకు అర్థమవుతుంది. తిండి, నిద్ర, కోపం, ముద్దు వంటి నాలుగు విషయాల దగ్గర తెలుగు బాగానే నడుస్తుంది. పని మాటల దగ్గరికి వచ్చేసరికి హిందీలోకి వెళ్లిపోతారు. మడుచు, చించు, అతికించు, వంచు, బిగించు, వదులు చెయ్యి, అంచు, కొస, చీలిక, సందు, ఎదురు... ఈ మాటలు పుస్తకం చదివితే అంత సులువుగా రావు. పక్కన కూర్చుని 'ఆ కొస పట్టుకో, ఈ అంచు కలుపు' అన్నప్పుడు వస్తాయి. అమ్మమ్మకు వీడియో కాల్ చేసి 'సూత్రం ఎక్కడ కట్టాలి?' అని అడిగినప్పుడు వస్తాయి. వారానికి ఒక గంట తెలుగు అక్షరాలు దిద్దించడం కంటే ఒక మధ్యాహ్నం గాలిపటం చేయడంలో ఎక్కువ తెలుగు నడుస్తుంది.

దారులు కూడా దగ్గరే. అభన్‌పూర్ మీదుగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ధమ్‌తరి, జగ్‌దల్‌పూర్, కోంటా, భద్రాచలం దాటి విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసే కొండపల్లి ఆ పక్కనే ఉంది. అభన్‌పూర్‌కు మరోవైపు, నవా రాయపూర్‌లోని పుర్‌ఖౌతీ ముక్తాంగణ్‌లో ఛత్తీస్‌గఢ్ జానపద కళలన్నీ ఒకచోట చూడొచ్చు. అంటే సెలవుల్లో పిల్లలకు చూపించడానికి బొమ్మలు, ముగ్గులు, రంగులు రెండు వైపులా ఉన్నాయి.

బడి ఇచ్చిన స్నోమ్యాన్‌కు రంగు వేయడానికి అరగంట చాలు. వేయనివ్వండి. ఆ కాగితాన్ని తిప్పితే వెనక వైపు తెల్లగానే ఉంటుంది. ఛేర్‌ఛేరాకు తను ఏ ఇంటి ముందు నిలబడ్డాడో, సంచిలో ఏం పడిందో, గాలిపటం ఎక్కడ చిక్కుకుందో అక్కడ గీయమనండి. సెలవుల తర్వాత టీచర్ బల్ల మీదికి ఆ కాగితం రెండు వైపులా నిండి వెళ్తే, వచ్చే డిసెంబర్‌లో ఏ బొమ్మ జిరాక్స్ తీయాలో బడికి కూడా ఒక ఆలోచన దొరుకుతుంది.